సిక్కోలు వచ్చినా, విజీనారం వచ్చినా ఏం తినాలి, ఏది వదిలేయాలి

మార్చి రెండో వారంలో హైదరాబాద్ నుంచి మా బావ ఫోన్ చేశాడు. శ్రీకాకుళం అరసవల్లి సూర్యదేవుడి గుడిలో స్వామి పాదాల మీద సూర్యకిరణాలు పడే రోజులవి, నలుగురూ వస్తున్నారట, దర్శనం అయ్యాక తినడానికి మంచి హోటల్ ఒకటి చెప్పమన్నాడు. "ఏ టైముకి బావా? టిఫినా, భోజనమా? చేపలు తింటారా, ఆ రోజు నీచు ముట్టరా? అక్కకి ఏసీ కావాలా?" అని అడిగితే విసుక్కున్నాడు. "హోటల్ పేరు చెప్పరా అంటే ఇంటర్వ్యూ చేస్తావేంట్రా" అన్నాడు.

కానీ సిక్కోలు, విజీనారం, అంటే శ్రీకాకుళం, విజయనగరం, ఈ రెండు ఊళ్లలో అడగాల్సిన ప్రశ్నలు అవే. పొద్దున్న ఇడ్లీ వెన్నలా ఉండే చోట మధ్యాహ్నం భోజనం నోట పెట్టలేం, భోజనం కోసం జనం వరసలో నిలబడే మెస్సులో రాత్రి చపాతీ అట్టముక్కలా ఉంటుంది. అందుకే నేను ఇక్కడ హోటల్ పేర్లు రాయను. ఇంకో కారణం కూడా ఉంది. మన వైపు రుచి బోర్డుది కాదు, వంట మాస్టరుది. జీతం దగ్గర పేచీ వచ్చి మాస్టరు ఎదురు హోటల్లో చేరిపోయాడంటే రుచి కూడా అతనితో రోడ్డు దాటిపోతుంది. బోర్డు మాత్రం అక్కడే ఉంటుంది, మనం ఆ పేరు చూసి వెళ్లి మోసపోతాం. అందుకని పూటకి తగ్గట్టు ఏది ఎంచుకోవాలో చెబుతాను, మిగతాది ఊళ్లో దిగాక ఆటో అబ్బాయిని అడిగినా దొరుకుతుంది. ఆటో అబ్బాయిని "మంచి హోటల్ ఎక్కడ" అని మాత్రం అడక్కండి, మిమ్మల్ని తిన్నగా ఏసీ బోర్డు ఉన్న చోటికే తీసుకెళ్తాడు. "నువ్వెక్కడ తింటావు" అని అడగండి.

ముందు టిఫిన్. ఇక్కడ పోటీ కూర్చుని తినే హోటల్‌కీ, రోడ్డు పక్క బండికీ. నేను పాటించే లెక్క ఒకటే: ఇడ్లీ, పూరీ హోటల్లో, అట్టు బండి మీద. ఇడ్లీ పెద్ద పాత్రలో ఒక వాయి దిగేలోపు ఇంకో వాయి ఎక్కుతుండాలి, అంత గిరాకీ హోటల్‌కే ఉంటుంది. పూరీకి తోడు బొంబాయి చట్నీ కావాలి, శనగపిండి పచ్చివాసన పోయేదాకా ఉడికించే ఓపిక కూడా హోటల్ వంటింట్లోనే కనబడుతుంది. అట్టు సంగతి అలా కాదు. హోటల్లో పెనం మీంచి ప్లేట్లోకి, అక్కడి నుంచి సర్వర్ చేతిలోకి, అతను దారిలో ఇంకో రెండు టేబుళ్లకి నీళ్లు పెట్టి మన దగ్గరికి వచ్చేసరికి మెత్తబడిపోతుంది. బండి దగ్గర పెనానికీ మీ చేతికీ మధ్య మూరెడు దూరం కూడా ఉండదు.

మా వీధి చివర బండి నడిపే అమ్మని చూస్తుంటాను. ఉల్లిపాయ సగానికి కోసి, దాన్ని నూనెలో ముంచి పెనమంతా రుద్దుతుంది, ఒక చిటికెడు నీళ్లు చల్లుతుంది, అవి గోలీల్లా దొర్లి ఆవిరైపోయాక గానీ పిండి వేయదు. నీళ్లు చప్పున ఇంకితే పెనం ఇంకా వేడెక్కలేదని ఆగుతుంది, వెనకాల పదిమంది నిలబడి గొణుగుతున్నా సరే. "ఆగండి బాబూ, అట్టు పెనానికి అంటుకుపోతే మీరే తిడతారు" అంటుంది. అలాంటి బండి దొరికితే అల్లం చట్నీతో రెండు అట్లు తిని అక్కడికి ఆపేయండి, మూడోది ఆశ.

చట్నీ చూసి కూడా బండిని పోల్చుకోవచ్చు. తొమ్మిదిన్నర దాటాక కొబ్బరి చట్నీ గరిటె నుంచి నీళ్లలా జారుతోందంటే అది పొద్దున్న చట్నీయే, మధ్యలో రెండు చెంబుల నీళ్లు కలిశాయి. ఏడున్నర నుంచి తొమ్మిది లోపు వెళ్లండి. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్, డే అండ్ నైట్ జంక్షన్ చుట్టుపక్కల సందులు, విజయనగరంలో గంటస్తంభం, మూడు లాంతర్లు, కోట వైపు. ఈ రెండు ఊళ్లలో టిఫిన్‌కి ఏది గొప్ప అంటే, నేను సిక్కోలు వాణ్నే అయినా, మా వాళ్లు తిట్టినా, విజయనగరానికే ఓటు వేస్తాను. అది రాయపూర్ లైను కలిసే రైల్వే జంక్షన్, కాలేజీ పిల్లలు ఎక్కువ, తెల్లారకముందే తినేవాళ్లుంటారు, అందుకే బళ్లు కూడా తెల్లారకముందే వెలుగుతాయి. మా ఊరికి ఆ వీలు లేదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ అని పేరే గానీ అది ఉన్నది ఆమదాలవలసలో, పదమూడు కిలోమీటర్ల అవతల.

వాసెన పోలు ఉందని ఎవరైనా చెబితే మాత్రం ఏ ఊరని చూడకుండా అక్కడికి వెళ్లిపోండి. కుండలో నీళ్లు పోసి, మూతికి గుడ్డ బిగించి కట్టి, ఆ గుడ్డ మీద పిండి వేసి ఆవిరికి ఉడికిస్తారు. గుడ్డ నేత పోలు అడుగున అచ్చులా పడుతుంది. ఇడ్లీ రేకుల్లో రాని మెత్తదనం అందులో వస్తుంది. చోడిపిండి కలిపినది దొరికితే ఇంకా మంచిది. మన దగ్గర రాగుల్ని చోళ్లనే అంటాం, హోటల్లో రాగి అని రాస్తే ధర పెరుగుతుంది, అంతే తేడా.

ఎండాకాలం వస్తే టిఫిన్ ఊసే వద్దు, చోడి అంబలి తాగండి. మజ్జిగ కలిపిన అంబలి, నంజుకోడానికి పచ్చి ఉల్లిపాయ, ఊరమిరపకాయ. హైదరాబాద్‌లో దీన్నే గాజు గ్లాసులో పోసి పుదీనా ఆకు పెట్టి ఇచ్చారు నాకు ఒకసారి, ఆ రేటు చెప్పను, మా అమ్మ చదివితే బాధపడుతుంది.

మధ్యాహ్నం భోజనానికి వద్దాం, నా అసలు పట్టు ఇక్కడే. ఒకవైపు ఏసీ రెస్టారెంట్, ఇంకోవైపు ఇంటి ముందు గదిలో నాలుగు బల్లలు వేసి నడిపే మెస్. పెద్దవాళ్లుంటే, చంటిపిల్లలుంటే, బాత్రూం శుభ్రంగా ఉండాలి అనుకుంటే ఏసీకే వెళ్లండి, అందులో తప్పేం లేదు. కానీ అక్కడ పనీర్, బేబీ కార్న్, జీలకర్ర అన్నం తింటారు, అవి కరీంనగర్లో తిన్నా, కర్నూల్లో తిన్నా ఒకటే. ఉత్తరాంధ్ర వంట నాలుక మీద పడాలంటే మెస్సే.

మన వంట అంటే కారం మంట కాదు. ఆవ ఘాటు, నువ్వుల పొడి, పులుసులో బెల్లం. గుంటూరు కారానికి అలవాటుపడ్డవాళ్లకి మొదటి ముద్దలో ఇదేంటి తియ్యగా ఉంది అనిపిస్తుంది, గుమ్మడికాయ పులుసు మూడో ముద్దకి వచ్చేసరికి ఇంకో గరిటె వేయమంటారు. మెస్ మంచిదో కాదో తేల్చుకోడానికి నేను లోపలికి వెళ్లేముందు ఒకటే అడుగుతాను, ఇవాళ కూరలేంటి అని. "అన్నీ ఉన్నాయి" అంటే వెనక్కి తిరుగుతాను. "ఆనపకాయ పాలు పోసి, అరటికాయ ఆవ పెట్టి, చారు, ఇంకేం లేదు" అంటే చెప్పులు విప్పి కూర్చుంటాను.

జనవరి చివరి నుంచి మార్చి దాకా పనసపొట్టు కూర ఉందా అని తప్పకుండా అడగండి. లేత పనసకాయ చెక్కు తీసి, పెద్ద కత్తితో టకటకా కొట్టి పొట్టు చేస్తారు, మార్కెట్లో ఆ కొట్టేవాళ్ల దగ్గర నిలబడి చూస్తే కత్తి ఎప్పుడు పైకి లేచిందో తెలీదు. ఆ పొట్టుని ఉప్పు, పసుపు వేసి ఉడికించి, నీళ్లు పిండేసి, చింతపండు పులుసు పట్టించి, ఎండుమిరపకాయలు, పప్పులు, కరివేపాకుతో పోపు పెడతారు. అసలు కిటుకు ఆఖర్న ఉంది. ఆవాలు నూరిన ముద్దని పొయ్యి మీద ఉండగా కలపకూడదు. దించి, కాస్త వేడి తగ్గాక కలిపితే ముక్కుకి ఎక్కే ఘాటు వస్తుంది, వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. ఏ మెస్సులో ఆ కూర చేదుగా తగిలినా వంటావిడ ఆ పూట తొందరలో ఉందని అర్థం. ఉద్దానం, అంటే శ్రీకాకుళం జిల్లా ఉత్తరాన ఉన్న తోటల ప్రాంతం, అక్కడి పనసకాయ దొరికితే సరే సరి.

మెస్సుకి ఒంటిగంట లోపు వెళ్లాలి. రెండున్నరకి వెళ్లి కూర అయిపోయిందంటే అది వాళ్ల తప్పు కాదు, మీది. ఆదివారం చాలా మెస్సులు తియ్యరు, ముందే కనుక్కోండి. నేను ఈమధ్య తిన్న చోట 120 రూపాయలు తీసుకున్నారు, అన్నం ఎన్నిసార్లయినా వేశారు. నెయ్యి అడిగితే చెంచాతో కాదు, చేత్తో గిన్నె ఒంపి వేసింది ఆవిడ. ఏసీ రెస్టారెంట్లో ఆ డబ్బులకి సూప్ వస్తుంది.

చేపల దగ్గర నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను, అది చెప్పి ముందుకెళ్తాను. పోయిన మే నెలలో విశాఖ నుంచి వస్తూ హైవే మీద ఒక పెద్ద రెస్టారెంట్లో ఆగాం. అద్దాలు, లైట్లు, బయట చేప బొమ్మ. వంజరం ఫ్రై చెప్పాం. ప్లేటు చూడ్డానికి పెళ్లికూతురులా ఉంది, ముక్క విరిస్తే పిండిలా రాలింది, మసాలా తీసేస్తే ఐసు వాసన. బిల్లు కట్టి కారెక్కాక మా ఆవిడ అంది, "ఇది మే నెల కదా, వేట ఉందా అసలు?" అని. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం. సముద్రం పక్కన పుట్టి ఆ సంగతి మర్చిపోయి మెనూ కార్డుని నమ్మాను. ఆ రెండు నెలలు పెద్ద సముద్రపు చేప ఏ హోటల్లో కనబడినా ఎక్కడిది, ఎన్నాళ్లది అని అడగండి. లేదంటే చెరువు చేప తినండి, కొరమీను దొరికితే అదృష్టం, లేదూ ఎండు మెత్తళ్లు, అంటే ఎండబెట్టిన చిన్న చేపలు, వేసిన వంకాయ కూర ఎక్కడైనా ఉందేమో చూడండి, దానికి సీజన్ లేదు. వండే రోజు పక్కింటివాళ్లకి తెలిసిపోవడం ఒక్కటే ఇబ్బంది.

వేట ఉన్న రోజుల్లో ఊళ్లో తినాలా, తీరానికి వెళ్లాలా అంటే తీరానికే. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం ముప్పై కిలోమీటర్లు, వంశధార సముద్రంలో కలిసే చోటు. ఇంకా పైకి వెళ్తే భావనపాడు, బారువ. విజయనగరం వైపు అయితే చింతపల్లి, కోనాడ, ముక్కాం. ఈ ఊళ్లలో పెద్ద హోటళ్లు వెతక్కండి. తెలిసినవాళ్ల ద్వారా ముందు రోజే చెప్పి ఎవరింట్లోనైనా వండించుకోవడం పద్ధతి, చేప డబ్బులు, వంట డబ్బులు విడిగా ఇస్తాం. ఇంకో మాట, అక్కడికి వెళ్లి కూడా వంజరం, చందువ అని పట్టుపట్టొద్దు. పెద్ద చేప ఒడ్డున పడగానే విశాఖ వైపు వెళ్లిపోతుంది. వాళ్లు ఇంట్లో తినేది కవ్వళ్లు, మెత్తళ్లు, కానాగంతలు లాంటి చిన్న చేపలు. అవే అడగండి. పచ్చి మామిడికాయ ముక్కలు వేసిన మెత్తళ్ల పులుసు, మట్టి చట్టిలో, పొద్దున్న వండింది మధ్యాహ్నం తింటే మీకే తెలుస్తుంది. ముళ్లు ఏరడం రాని పిల్లలకి మాత్రం రొయ్యల ఇగురు చెప్పండి.

బిర్యానీ గురించి కూడా అడుగుతారు. హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ దమ్ బిర్యానీ తినేవాళ్లకి చెప్పడానికి నా దగ్గరేం లేదు. నాటుకోడి కూర, గారెలు దొరికితే తినండి.

తిరుగు ప్రయాణంలో కట్టించుకెళ్లేవాటి దగ్గర మాత్రం కాస్త ఆలోచించాలి, ఇక్కడ డబ్బులు పోయేది ఎక్కువ. పలాస జీడిపప్పు, మందస కోవా, భీమాలి మామిడి తాండ్ర, ఈ మూడే ఎక్కువమంది అడిగేవి, మూడూ ఒకే దారిలో లేవు. పలాస, మందస ఉత్తరాన ఒడిశా దారిలో, భీమాలి విజయనగరం జిల్లాలో లక్కవరపుకోట మండలం. ఒకే రోజు అన్నీ అంటే కారులోనే కాపురం.

జీడిపప్పు కొనేటప్పుడు సంచి మీద డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని అంకెలుంటాయి. కొట్టువాడు పెద్ద అంకె చూపించి మంచి రకం అంటే నవ్వి ఊరుకోండి. ఒక పౌనుకి, అంటే 454 గ్రాములకి, ఎన్ని పప్పులు తూగుతాయో ఆ అంకె. అంకె చిన్నదైన కొద్దీ పప్పు పెద్దది, ధర కూడా పెద్దదే. వేయించుకుని తినడానికి, ఎవరికైనా పెట్టె కట్టి ఇవ్వడానికి 240 చాలు. 180 చూపులకే. రోజూ వాడుకోడానికి 320. పాయసానికి, ఉప్మాకి గుండు పప్పు కొనేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది, బద్దలు కొనండి, ఎలాగూ కడాయిలో విరిగేవే. ఒకటి నోట్లో వేసుకుని కొరకండి, ఫట్‌మని విరగాలి. సాగినట్టుంటే తేమ పట్టింది, ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. మార్చి నుంచి మే మధ్యలో ఉద్దానం వైపు వెళ్తే పచ్చి జీడిపప్పు కూర తినే అవకాశం వదులుకోకండి. ముదరని జీడి పిక్కలు కోసి తీసిన పప్పు అది, జీడి సొన చేతికి తగిలితే తోలు ఊడుతుంది కాబట్టి ఆ పని అలవాటైనవాళ్లే చేయాలి, మనం తినే పని చూసుకోవాలి.

కోవా రుచిలో జీడిపప్పుకంటే ఒక మెట్టు పైనే, కానీ దానికి ఆయుష్షు తక్కువ. రాత్రి రైలెక్కి పొద్దున్నకి ఇల్లు చేరేవాళ్లయితే కొనండి. బస్సులో పగలంతా ఎండలో వెళ్లేవాళ్లు కొంటే ఇంటికి వెళ్లేది కోవా కాదు, పుల్లటి ముద్ద. తాండ్రకి ఆ బెంగ లేదు. మామిడి గుజ్జు చాపల మీద పలచగా పరిచి, ఎండాక దాని మీద ఇంకో పొర, మళ్లీ ఎండ, అలా రోజుల తరబడి పొర మీద పొర పోస్తారు. ముక్క పక్కకి తిప్పి చూడండి, పొరలు గీతల్లా కనబడాలి, రంగు కాస్త ముదురుగా ఉండాలి. నారింజ రంగులో నిగనిగలాడుతూ పొరలు లేకుండా ఉంటే ఆ రంగు మామిడిది కాకపోవచ్చు. కొత్త తాండ్ర కావాలంటే మే, జూన్. ఆ రోజుల్లోనే వస్తే తాండ్ర కన్నా ముందు సువర్ణరేఖ మామిడిపళ్లు ఒక బుట్ట కొనుక్కోండి, రెండు జిల్లాల్లోనూ దొరుకుతాయి.

ఇచ్ఛాపురం దాకా వెళ్లాలా అని కొందరు అడుగుతారు. అటు బరంపురం పనుంటే తప్పకుండా ఆగండి, సరిహద్దు ఊరు, తెలుగు ఎంత వినబడుతుందో ఒడియా అంత వినబడుతుంది, పప్పులో కూరగాయలు వేసి వండే దాల్మా, కాల్చిన పాలవిరుగుడుతో చేసే చెన్నాపోడ మీద చెయ్యి పడుతుంది. దానికోసమే శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్ల పైన వెళ్లమని మాత్రం నేను చెప్పను. సీతంపేట అనాసపళ్ల కోసం అయితే చెబుతాను. 2022లో జిల్లాలు విడదీశాక అది మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ, సీజన్లో మా ఊరి రోడ్ల మీదకి కుప్పలుగా వస్తాయి కాబట్టి కొండ ఎక్కక్కర్లేదు.

పండగ రోజుల్లో మాత్రం ఈ లెక్కలేవీ పనిచేయవు. రథసప్తమికి అరసవల్లిలో, దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి విజయనగరంలో, కూర్చోడానికి చోటు దొరకడమే గొప్ప, ఆ రోజు రుచి చూసి హోటల్‌కి పేరు పెట్టకండి. పులిహోర పొట్లం కట్టుకుని వెళ్లడం మేలు.

ఇదంతా బావకి ఫోన్లో అరగంట చెప్పాను. వాళ్లు వచ్చారు, దర్శనం అయింది, బావ మాత్రం పిల్లలు అడిగారని ఏసీ రెస్టారెంట్‌కే వెళ్లి బిర్యానీ తిన్నాడు. అక్క తినలేదట. మెస్సు అడ్రసు నేను వాట్సాప్‌లో పెట్టింది చూసుకుని, ఆటో ఎక్కి ఒక్కతే వెళ్లి భోజనం చేసి, పనసపొట్టు కూర పావుకిలో పార్సిల్ కట్టించుకుని స్టేషన్‌కి వచ్చింది. రైలు విజయనగరం దాటాక ఫోన్ చేసింది. "ఒరే తమ్ముడూ, బావ బెర్త్ మీద పడుకుని ఆ డబ్బా మూత తీసి చేత్తో తింటున్నాడురా, సగం అయిపోయింది. ఆ మెస్సావిడ రాత్రి కూడా వండుతుందా, కనుక్కో."

కనుక్కున్నాను. వండదు.